పెద్దయ్యాక ఏడీహెచ్‌డీ అని తెలిసిన ఆడవాళ్ళకు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు 37వ ఏట ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు కనిపించే మెదడు ఎదుగుదల సమస్య) అని నిర్ధారణ జరిగింది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, ఇద్దరు పిల్లలు. విషయం తెలిసిన దగ్గర నుంచి స్నేహితులు, వాళ్ళ అక్కచెల్లెళ్ళు, ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మందుల విషయంలో మీ డాక్టరు మాటే వినండి. మిగతాది నేను బతికి తెలుసుకున్నది, చదివి తెలుసుకున్నది.

ఏడీహెచ్‌డీ అంటే కుదురుగా కూర్చోలేని మగపిల్లల సమస్య కదా?

అలా అనుకోవడానికి కారణం ఉంది. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి ప్రసంగాలు చేశారు. ఆయన వర్ణించిన పిల్లల్లో ఎక్కువమంది అబ్బాయిలే. తర్వాత చాలా ఏళ్ళు డాక్టర్లు ఆ గెంతులనే చూశారు. గెంతులు లేకుండా, శ్రద్ధ నిలవకపోవడం ఒక్కటే ఉండొచ్చని అమెరికా సైకియాట్రీ సంఘం మాన్యువల్ ఒప్పుకున్నది 1980లో. ఆ మాన్యువల్ 2013 కూర్పు ప్రకారం పిల్లల్లో ఇద్దరు అబ్బాయిలకు ఒక అమ్మాయి లెక్కన ఇది కనిపిస్తుంది. పెద్దవాళ్ళలో ఆ తేడా బాగా తగ్గి, 1.6 మంది మగవాళ్ళకు ఒక స్త్రీ అవుతుంది. ఆడవాళ్ళకు పెద్దయ్యాక కొత్తగా వచ్చిపడదు ఇది. చిన్నప్పుడు మన వైపు ఎవరూ చూడలేదు, అంతే. బెంచీలెక్కే అబ్బాయిని టీచరు హెడ్మాస్టరు దగ్గరికి తీసుకెళ్తారు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న అమ్మాయి వల్ల క్లాసుకు ఏ ఇబ్బందీ లేదు.

నాకు పదో తరగతిలో మంచి మార్కులు, ఇంటర్లో ఇంకా మంచి మార్కులు. ఏడీహెచ్‌డీ ఉంటే అలా ఎలా చదివాను?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. నేనూ డాక్టరుతో ఇదే అన్నాను. ఆవిడ నన్ను తిరిగి ఒకటే అడిగారు: "పొద్దున మిమ్మల్ని ఎవరు లేపేవారు?"

అమ్మ లేపేది. జడలు అమ్మ వేసేది, క్యారేజీ అమ్మ సర్దేది. గేటు దాకా పరిగెత్తుకొచ్చి మర్చిపోయిన జామెట్రీ బాక్సు చేతిలో పెట్టేది నాన్నమ్మ. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. తెల్లవారకముందే బెల్లు, స్టడీ అవర్, క్లాసు, మళ్ళీ స్టడీ అవర్, వారం వారం పరీక్ష. ఎప్పుడు ఏం చదవాలో నేను ఒక్కసారి కూడా నిర్ణయించుకోలేదు. మన తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది అమ్మాయిల చదువు ఇలాగే సాగుతుంది. చదవడం మన పనే. ఆ చదువుకు కావలసిన క్రమం మాత్రం బయటి నుంచి వచ్చింది. పనులు మొదలుపెట్టడం, వరస పెట్టుకోవడం, టైమ్ అంచనా వేయడం, గుర్తుపెట్టుకోవడం మెదడు చేసే పనులు. ఏడీహెచ్‌డీలో కుంటుపడేవి సరిగ్గా అవే. ఆ రోజుల్లో నా బదులు వాటిని అమ్మ, వార్డెన్, బెల్లు చేసిపెట్టారు.

పెళ్ళయ్యాక, బిడ్డ పుట్టాక ఆ పనులన్నీ నావయ్యాయి. పైగా ఇంట్లో మరో ముగ్గురి పనులూ నేనే గుర్తుపెట్టుకోవాలి. టీకా తేదీ, గ్యాస్ బుకింగ్, మామయ్యగారి బీపీ మాత్రలు, స్కూలు ఫీజు, రేపటికి నానబెట్టాల్సిన మినప్పప్పు. అప్పటిదాకా నెట్టుకొచ్చిన మనిషి అక్కడ కుప్పకూలిపోతుంది. చాలామందికి 30 దాటాకే నిర్ధారణ కావడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. అందుకే "చిన్నప్పుడు బాగానే ఉన్నావుగా" అని ఎవరైనా అంటే, మీ చుట్టూ అప్పుడు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి.

పెద్ద ఆడవాళ్ళలో ఇది ఎలా కనిపిస్తుంది?

ఒక్కొక్కరిలో ఒక్కోలా. నా సంగతి చెప్తాను. పాలు పొయ్యి మీద పెట్టి, రెండు నిమిషాలే కదా అని పక్క గదిలోకి వెళ్తే మాడిన వాసన వచ్చేదాకా గుర్తురాదు. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో లెక్క ఉండదు. ఉతికిన బట్టల గుట్ట వారమంతా కుర్చీ మీదే. డబ్బులుండీ కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయి జరిమానా కట్టడం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరిపోవడం, ఆగితే చెప్పాల్సింది మర్చిపోతానన్న భయంతో. పది నిమిషాల్లో తయారవుతానని నిజంగానే నమ్మి గంట ఆలస్యం చేయడం.

బయటికి కుదురుగానే కూర్చుంటాను. లోపల మాత్రం నాలుగు రేడియోలు ఒకేసారి మోగుతుంటాయి. ఆడవాళ్ళలో ఆ అతి చురుకుదనం చాలాసార్లు ఇలా లోపలే ఉంటుంది. కొందరిలో ఎడతెగని మాటగా, గోళ్ళు కొరకడంగా, ఒకదాని వెనక ఒకటి పనులు నెత్తినేసుకోవడంగా బయటపడుతుంది.

ఇంకొకటి, దాచుకోవడం. ఎవరైనా వస్తున్నారంటే గంటలో ఇల్లంతా సర్దేసి, సామానంతా ఒక గదిలో కుక్కి తలుపేసేదాన్ని. ఆఫీసులో ప్రతి ఎంట్రీ మూడుసార్లు చూసేదాన్ని. బయటివాళ్ళకు నేను చాలా పద్ధతైన మనిషిని. ఆ పద్ధతి కోసం రోజూ ఎంత అలసిపోతున్నానో మా ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

మతిమరుపు, పరధ్యానం అందరికీ ఉండేవే కదా?

ఉంటాయి. ఎంత తరచుగా, ఎన్నాళ్ళ నుంచి, ఎంత నష్టం చేస్తూ అన్నదాంట్లోనే తేడా. 2013 మాన్యువల్లో శ్రద్ధకు సంబంధించి 9, అతి చురుకుదనం, తొందరపాటుకు సంబంధించి 9 లక్షణాలున్నాయి. 17 ఏళ్ళు నిండినవాళ్ళకు ఏదో ఒక గుంపులో కనీసం 5 ఉండాలి, పిల్లలకైతే 6. వాటిలో కొన్నయినా 12 ఏళ్ళ లోపే కనిపించి ఉండాలి. అంతకుముందు ఈ హద్దు 7 ఏళ్ళు. ఇల్లు, ఉద్యోగం, చదువు, స్నేహాలు, ఇలా కనీసం రెండు చోట్ల కనిపించాలి. జీవితాన్ని నిజంగా దెబ్బతీస్తూ ఉండాలి. నెలకోసారి తాళాలు మర్చిపోయేవాళ్ళు ఈ లెక్కలోకి రారు.

ఇదంతా ఫోన్లు, రీల్స్ వల్ల వచ్చిందంటారు. నిజమా?

ఫోన్ వల్ల ఎవరికైనా ఏకాగ్రత తగ్గొచ్చు. కానీ నిర్ధారణకు చిన్ననాటి లక్షణాలు కావాలి. నా చిన్నతనంలో మా ఇంట్లో ఫోన్ అంటే ల్యాండ్‌లైనే. అప్పుడే నా ప్రోగ్రెస్ కార్డు మీద "పరధ్యానం, అజాగ్రత్త పొరపాట్లు" అని రాసి ఉంది. మీకు ఈ ఇబ్బంది గత రెండు మూడేళ్ళలోనే మొదలైతే కారణం వేరే ఉండొచ్చు, అది వెతకాలి.

ఇష్టమైన పనైతే అన్నం కూడా మర్చిపోయి చేస్తాను. అలాంటప్పుడు ఏకాగ్రత లేదనడం ఎలా?

శ్రద్ధ లేకపోవడం కంటే, దాన్ని కావలసిన చోట పెట్టలేకపోవడం అంటే సరిగ్గా ఉంటుంది. ఆసక్తి, కొత్తదనం, నెత్తి మీదికొచ్చిన గడువు, వీటిలో ఏదో ఒకటుంటే మెదడు పరిగెత్తుతుంది. మా మరిది పెళ్ళికి రెండు వందల మంది భోజనాల ఏర్పాట్లు నేనే చూశాను, ఒక్క పొరపాటు జరగలేదు. అదే నెలలో ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టలేదు. ఇంట్లోవాళ్ళకు ఇది కావాలని చేసినట్టే కనిపిస్తుంది. "నీకు నచ్చితే చేస్తావు, లేకపోతే చేయవు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. మంచం మీద కూర్చుని, లేచి ఆ చిన్న పని చేయాలని గంటసేపు తిట్టుకుంటూ, లేవలేకపోయిన రోజులు వాళ్ళకు కనబడవు. బద్ధకస్తుడికి ఆ గంట హాయిగా గడుస్తుంది. మనకు అలా గడవదు.

డిప్రెషన్ అన్నారు, మందులు వాడుతున్నాను. ఇది కూడా ఉండొచ్చా?

ఉండొచ్చు. ఏడీహెచ్‌డీ ఉన్న ఆడవాళ్ళలో చాలామందికి ముందు డిప్రెషన్ అనో, యాంగ్జైటీ అనో చెప్తారు. రెండూ కలిసి ఉండటమూ మామూలే. నాకు మొదట ఆందోళనకే మందులిచ్చారు. గుండె దడ తగ్గింది కానీ బిల్లులు, బట్టలు, ఆలస్యాలు అలాగే ఉన్నాయి. ఆ మందులు మీరంతట మీరు ఆపేయకండి. డాక్టరుతో "ఈ ఇబ్బందులు డిప్రెషన్ రాకముందు నుంచే, బడి రోజుల నుంచే ఉన్నాయి" అన్న మాట మాత్రం చెప్పండి. ఆ ఒక్క వివరంతో ఆలోచన మారొచ్చు.

ముందుగా రక్తపరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్, బీ12, రక్తహీనత, నిద్రలేమి కూడా మనసును మసకబారుస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. సగం కంటే ఎక్కువ! కాబట్టి ఈ పరీక్ష తప్పించుకోవద్దు. నాకు హిమోగ్లోబిన్ తక్కువే వచ్చింది. ఐరన్ వాడాక నీరసం తగ్గింది, మతిమరుపు తగ్గలేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఏం పరీక్షలు చేస్తారు?

మందు రాయగలిగేది సైకియాట్రిస్టు. అంచనా పరీక్షలు క్లినికల్ సైకాలజిస్టు కూడా చేస్తారు. పెద్దవాళ్ళలో ఏడీహెచ్‌డీ చూస్తారా అని ఫోన్ చేసి కనుక్కునే వెళ్ళండి, కొందరు పిల్లలకే చూస్తారు. ప్రభుత్వ వైద్యమైతే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో మానసిక ఆసుపత్రులున్నాయి, బెంగళూరులో నిమ్‌హాన్స్ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. అది ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

స్కానింగ్‌లోనో రక్తపరీక్షలోనో ఏడీహెచ్‌డీ తేలదు. మాటల్లోనే తేలాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేయించిన 18 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, అందులో మొదటి 6 ప్రశ్నలతో ప్రాథమికంగా చూస్తారు. అది అనుమానం చెప్తుందే కానీ నిర్ధారణ చేయదు. తర్వాత చిన్నతనం నుంచి ఇప్పటిదాకా వివరంగా అడుగుతారు. వీలైతే పాత ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్ళండి. మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు, అమ్మో అక్కో, వస్తే ఇంకా మంచిది. ముఖ్యంగా ఒక కాగితం మీద సంఘటనలు రాసుకోండి. లోపలికి వెళ్ళాక ఏమీ గుర్తురావు, అదీ ఈ సమస్యే.

డాక్టరు "ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నారు, ఉద్యోగం చేస్తున్నారు, మీకేంటమ్మా" అని పంపించేశారు. ఏం చేయాలి?

నాకు మొదటిసారి ఇదే జరిగింది. బయటికొచ్చి బండి మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత ఎనిమిది నెలలు మళ్ళీ ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు, ఆ ఎనిమిది నెలలు దండగయ్యాయి. మీరు అలా చేయకండి. ఇంకో డాక్టరును కలవండి. ఈసారి చేస్తున్న పనుల జాబితా కాకుండా, వాటికి మీరు పెడుతున్న ఖర్చు చెప్పండి. ఎన్ని గంటలకు పడుకుంటున్నారు, ఎన్నిసార్లు జరిమానాలు కట్టారు, ఎన్ని ఉద్యోగాలు మారారు, పిల్లల మీద ఎన్నిసార్లు అరిచి తర్వాత బాధపడ్డారు. జాగ్రత్తగా అడిగి చూశాక కూడా రెండో డాక్టరు కాదంటే, ఆ మాట నమ్మి అసలు కారణం ఏమిటో వెతికించుకోండి.

మందులు వాడితే అలవాటైపోతాయా?

మన దేశంలో పెద్దవాళ్ళకు ఎక్కువగా రాసేవి రెండు: మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సెటిన్. మొదటిది స్టిమ్యులెంట్, అంటే మెదడును ఉత్తేజపరిచే మందు, వేసుకున్న గంటలోపే పని మొదలుపెడుతుంది, కొన్ని గంటలకు దిగిపోతుంది. రెండోది రోజూ వేసుకుంటూ వెళ్తే ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మిథైల్‌ఫెనిడేట్‌ను దుర్వినియోగం చేసే అవకాశం ఉంది కాబట్టి చట్టం గట్టిగా ఉంది. అది షెడ్యూల్ ఎక్స్ అనే గట్టి నియంత్రణ జాబితాలోని మందు, చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి షాపువాళ్ళు ఉంచుకుంటారు. అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు. 2020 టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం వీడియో కాల్‌లో దీన్ని రాయకూడదు, కాబట్టి మనిషి వెళ్ళాల్సిందే. డాక్టరు చెప్పిన మోతాదులో, డాక్టరు పర్యవేక్షణలో వాడితే భయపడాల్సింది లేదు. ఇంకొకరి మాత్ర మాత్రం ఎప్పుడూ వేసుకోవద్దు.

ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, గుండె వేగం పెరగడం ఉండొచ్చు. బీపీ చూస్తూ ఉంటారు. ఇంట్లో గుండె జబ్బులుంటే, మీకు ఎప్పుడైనా బైపోలార్ (మనసు కొన్నాళ్ళు విపరీతమైన ఉత్సాహంలో, కొన్నాళ్ళు కుంగుబాటులో ఉండే జబ్బు) అన్నా ముందే చెప్పండి. గర్భం కోసం అనుకుంటుంటే మందు మొదలుపెట్టే రోజే ఆ మాట ఎత్తండి.

నాకు మందు పడిన మొదటి రోజు గుర్తుంది. అద్భుతమేమీ జరగలేదు. గిన్నెలు తోమాలి అనుకున్నాను, లేచి తోమాను. ఆ రెండింటికీ మధ్య ఉండే గోడ ఆ రోజు లేదు. మిగతావాళ్ళు రోజూ ఇలాగే ఉంటారా అని సింకు దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాను.

అమెరికాలో ఉన్న మా చెల్లి ఆడరాల్ వాడుతుంది. ఇండియా వస్తే దొరుకుతుందా?

దొరకదు. ఆడరాల్ ఆంఫెటమిన్ రకం ఏడీహెచ్‌డీ మందు, ఆ మందులు ఇక్కడ అమ్మరు. తెచ్చుకోవడానికీ చట్టం అడ్డం రావొచ్చు కాబట్టి ప్రయాణానికి చాలా ముందే అక్కడి డాక్టరునూ, భారత కాన్సులేట్‌నూ అడగమనండి.  

నెలసరి ముందు వారం అస్సలు పని జరగదు. సంబంధం ఉందా?

చాలామంది ఆడవాళ్ళు ఇదే చెప్తారు. ఈస్ట్రోజెన్ హార్మోనుకు, శ్రద్ధను నడిపే డోపమిన్ అనే మెదడు రసాయనానికి సంబంధం ఉంది, ఈస్ట్రోజెన్ తగ్గే రోజుల్లో లక్షణాలు పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడుతున్నప్పుడూ అంతే. దీనిపై పరిశోధన ఇంకా తక్కువే, ఆడవాళ్ళ శరీరం గురించి ఇంత ఆలస్యంగా అడగడం నాకు బాధగా ఉంటుంది. మూడు నెలలు క్యాలెండర్ మీద గుర్తులు పెట్టి డాక్టరుకు చూపించండి.

మందులు కాక ఇంట్లో ఏం చేయొచ్చు?

ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దవాళ్ళ కోసం సీబీటీ అనే, ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్ పద్ధతి ఉంది, ఉపయోగపడుతుంది. ఇంట్లో నాకు పనికొచ్చినవి ఇవి. కుక్కర్ పక్కన మూడు చింతపిక్కలు పెడతాను, ఒక్కో విజిల్‌కు ఒకటి పక్కకు జరుపుతాను. పాలు కాగేదాకా వంటింటి గడప దాటను, ఫోన్ వస్తే ఎత్తను. పప్పులన్నీ గాజు సీసాల్లోకి మార్చాను, ఎందుకంటే స్టీలు డబ్బాలో ఉన్నది నాకు లేనట్టే. కొత్తిమీర ఫ్రిజ్ కింది అరలోంచి తలుపులోకి వచ్చింది. బిల్లులన్నీ ఆటో డెబిట్. బట్టలు మడతపెట్టేటప్పుడు మా అక్కకు ఫోన్ చేస్తాను, అటు ఆమె కూరగాయలు తరుగుతుంటుంది. మాట్లాడుకునేది తక్కువే, ఇంకో మనిషి పనిలో ఉందని తెలిస్తే చాలు, నా చేతులు కదులుతాయి. వరలక్ష్మీ వ్రతం సామాన్ల పట్టీ ఒకసారి రాసి ఫోటో తీసి పెట్టుకున్నాను, ఏటా అదే. నిద్ర తక్కువైన మరుసటి రోజు వీటిలో ఏదీ పనిచేయదు, అందుకే నిద్ర ముందు.

తెలిశాక సంతోషించాలి కదా, నాకెందుకు ఏడుపు వస్తోంది?

నాకు మొదటి వారం తేలికగా అనిపించింది. రెండో వారం కోపం వచ్చింది, ఆ తర్వాత చాలా నెలలు దుఃఖం. వదిలేసిన సీఏ, మాట రాక తెగిపోయిన స్నేహాలు, "ఇలాంటిదానివి అత్తారింట్లో ఎలా నెగ్గుకొస్తావే" అన్న మాటలు, అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. పదేళ్ళ పిల్ల హోంవర్క్ పుస్తకం మళ్ళీ మర్చిపోయి క్లాసు బయట నిలబడటం గుర్తొచ్చి, ఆ పిల్ల తప్పేమీ లేదని ఎవరూ చెప్పలేదే అని ఏడ్చాను. ఏడవండి. ఆ ఏడుపు నెలల తరబడి ఆగకపోయినా, బతకాలని అనిపించకపోయినా అదే రోజు డాక్టరుకు గానీ 14416కు గానీ చెప్పండి.

ఇంట్లో చెప్పాలా? పెళ్ళి సంబంధం చూస్తున్నప్పుడు?

కలిసి బతికేవాళ్ళకు చెప్పాలనే నా అభిప్రాయం. మావారికి పేరు చెప్తే అర్థం కాలేదు. "ఏమండీ, నేను మర్చిపోతే మీ మీద ప్రేమ లేదని కాదు, గోడ మీద రాసిపెట్టండి, చేస్తాను" అంటే అర్థమైంది. అత్తయ్యగారికి పేరు చెప్పలేదు, మతిమరుపుకు మందు వాడుతున్నానని చెప్పాను, ఆవిడే రోజూ గుర్తుచేస్తారు. పెళ్ళి విషయంలో పెద్దల మధ్యవర్తిత్వంలో కాకుండా అబ్బాయితో నేరుగా, మాట ఖాయమయ్యేలోపు చెప్పడం మంచిది. విని వెనక్కి తగ్గే మనిషైతే ఆ సంగతి ముందే తెలుస్తుంది.

ఆఫీసులో రాయితీలు, సర్టిఫికెట్ వస్తాయా?

2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో 21 వైకల్యాలున్నాయి, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ఆఫీసులో పేరు చెప్పకుండానే "పని మాటల్లో కాకుండా మెయిల్‌లో పంపండి" అని అడగొచ్చు. నేను అలాగే అడిగాను. చికిత్స చేసేవాళ్ళు మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది.

మా అమ్మాయిలోనూ ఇదే కనిపిస్తోంది. ఇప్పుడేం చేయాలి?

ఏడీహెచ్‌డీ బలంగా వంశపారంపర్యం, తల్లికుంటే బిడ్డకు ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ. బిడ్డకు నిర్ధారణ జరిగాకే తనకూ ఉందని తెలుసుకునే తల్లులు చాలామంది. స్కూలు నుంచి ఫిర్యాదు రాలేదని ఆగిపోకండి. ఇంటికొచ్చాక చూడండి: బడిలో రోజంతా బిగబట్టుకున్న పిల్ల గుమ్మంలోనే చిన్నమాటకు ఏడుస్తుందా, అరగంట హోంవర్క్‌కు మూడు గంటలు పడుతోందా, ఏటా ఎన్ని నీళ్ళ సీసాలు పోగొడుతోంది. పిల్లల సైకియాట్రిస్టుకు గానీ, ఎదుగుదల సమస్యలు చూసే పిల్లల డాక్టరుకు గానీ చూపించండి. టీచరును కలిసినప్పుడు, అమ్మాయిని మొదటి బెంచీలో కూర్చోబెట్టమని, హోంవర్క్ నోటితో చెప్పకుండా డైరీలో రాయించమని అడగండి. మా పాప టీచరు రెండింటికీ వెంటనే సరేనన్నారు.